నికోడెమస్‌కి 150 ఏళ్ళు: ఊరి పుట్టినరోజు ఏది?

పాతదారులు రాశారు:

అందరికీ నమస్కారం. మూడేళ్ళ క్రితం కాన్సస్ సిటీ నుంచి డెన్వర్‌కి కారులో వెళ్తూ, పెద్ద హైవే విసుగొచ్చి 24వ నంబరు రోడ్డు పట్టుకున్నాను. రెండు పక్కలా గోధుమ చేలు, ఆకాశం, గాలి. స్టాక్టన్ దాటాక, హిల్ సిటీ ఇంకా రాకముందు ఒక చిన్న ఊరు తగిలింది. పది నిమిషాలు ఆగుదామని దిగి మూడు గంటలు ఉండిపోయాను. ఆ ఊరే అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఉన్న నికోడెమస్. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతివాళ్ళు 1877లో కట్టుకున్న ఊరు. 2027కి 150 ఏళ్ళు నిండుతాయి.

అప్పటి నుంచి దొరికిందల్లా చదువుతున్నాను. ఒక్క విషయం మాత్రం తేలడం లేదు. ఊరు పుట్టింది ఏప్రిల్‌లో అని ఒకచోట, సెప్టెంబరులో అని ఇంకోచోట ఉంటుంది. ఊరి పండగేమో జులై చివర్లో చేస్తారు. ఈ మూడింటిలో ఏది అసలు పుట్టినరోజు? తెలిసినవాళ్ళు చెప్పండి. వీలైతే 2027లో వెళ్దామని నా కోరిక.

---

చరిత్రపేజీ రాశారు:

మంచి చర్చ మొదలుపెట్టారు పాతదారులు గారూ. తేదీల సంగతి నాకు తెలిసినంతవరకు చెప్తాను.

1877 ఏప్రిల్ 18న నికోడెమస్ టౌన్ కంపెనీ ఏర్పడింది. అందులో ఏడుగురు సభ్యులు, ఆరుగురు నల్లవాళ్ళు, ఒకడు తెల్లవాడు. ఆ తెల్లాయన డబ్ల్యూ.ఆర్. హిల్, భూముల వ్యాపారి. పక్కనున్న హిల్ సిటీకి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. కంపెనీ అధ్యక్షుడు డబ్ల్యూ.హెచ్. స్మిత్ నల్లజాతి పాస్టర్. కాగితం మీద చూస్తే ఊరి పుట్టుక ఇదే.

కానీ ఏప్రిల్‌లో అక్కడ ఉన్నది గడ్డే. వేసవిలో కొద్దిమంది చేరారు. సెప్టెంబరు 17న కెంటకీ రాష్ట్రం నుంచి దాదాపు మూడు వందల మంది ఒక్కసారిగా వచ్చి దిగారు. ఆ తేదీనే ఊరి పుట్టినరోజు అనేవాళ్ళు అందుకే అంటారు.

ఆ ఏడాదే ఎందుకన్నది కూడా చూడాలి. అంతర్యుద్ధం 1865లో ముగిశాక దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళ హక్కులకు కేంద్ర సైన్యం కొంత అండగా ఉండేది. 1877లో ఆ సైన్యాన్ని వెనక్కి తీసుకున్నారు. పాత యజమానుల రాజ్యం మళ్ళీ వచ్చేసింది. మరోవైపు 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ఉంది. దాని ప్రకారం అయిదేళ్ళు ఆ భూమి మీదే ఉండి సాగు చేస్తే 160 ఎకరాలు సొంతమవుతాయి. మొన్నటిదాకా తన ఒళ్ళే తనది కాని మనిషికి ఆ 160 ఎకరాలు ఎలా వినిపించి ఉంటాయో ఊహించండి. కెంటకీలోని లెక్సింగ్టన్‌లో అంటించిన కరపత్రం ఒకటి ఇప్పటికీ ఉంది. కాన్సస్ వెళ్ళాలనుకునేవాళ్ళు సెప్టెంబరు 5న అయిదు డాలర్లతో వెళ్ళవచ్చని అందులో అచ్చేశారు.

ఇంకొక్క మాట. చాలామంది వీళ్ళని 1879 నాటి పెద్ద వలసలో కలిపేస్తారు. 'ఎక్సోడస్టర్లు' అని పిలిచింది ఆ 1879 వాళ్ళని. నికోడెమస్ వాళ్ళు అంతకు రెండేళ్ళ ముందే బయలుదేరారు.

---

నీలిమబ్బు రాశారు:

నేను సెప్టెంబరు పక్షం. ఊరంటే మనుషులు. కంపెనీ కాగితం ఊరెలా అవుతుంది?

విలియానా హిక్‌మన్ అనే ఆవిడ చెప్పిన సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆవిడ 1878 వసంతంలో భర్తతో, పిల్లలతో వచ్చింది. రైలు ఎల్లిస్ అనే ఊరి దాకానే. అక్కడ ఉండగా వాళ్ళ గుంపులో పిల్లలకి తట్టు సోకింది. కొందరు పిల్లల్ని అక్కడే పూడ్చిపెట్టి ముందుకు కదిలారు. ఎల్లిస్ నుంచి ముప్పై అయిదు మైళ్ళు, దారి కూడా సరిగ్గా లేని మైదానం. చివరికి మగవాళ్ళు 'అదిగో నికోడెమస్' అని అరిచారట. ఆవిడకి కళ్ళు బాగానే కనిపిస్తాయి, ఎంత చూసినా ఊరు మాత్రం కనబడలేదు. ఎక్కడ అని అడిగితే భర్త నేలలోంచి లేస్తున్న పొగ చూపించి అదే ఊరన్నాడు. జనం నేలలో గుంతలు తవ్వుకుని ఉంటున్నారు. ఆవిడ ఏడ్చేసింది.

ముసలితనంలో ఆవిడే స్వయంగా చెప్పుకున్న మాట ఇది. ఊరు ఎప్పుడు పుట్టిందని నన్నడిగితే ఆ పొగ మొదటిసారి లేచిన రోజున అంటాను.

---

సున్నపురాయి రాశారు:

నీలిమబ్బు గారు చెప్పిన ఆ గుంతల ఇళ్ళ గురించి రెండు ముక్కలు, ఇది నా వృత్తికి దగ్గర విషయం. వాటిని డగౌట్లు అంటారు. వాలుగా ఉన్న నేల చూసుకుని లోపలికి తవ్వుతారు. మూడు పక్కలా మట్టే గోడ. ముందు పక్క మాత్రం గడ్డి వేళ్ళతో సహా కోసిన మట్టి పెళ్లలు పేరుస్తారు. పైన కర్రలు, వాటి మీద కంప, దాని మీద మళ్ళీ మట్టి పెళ్లలు. ఆ మైదానంలో చెట్లు లేవు కాబట్టి కర్రలకు వాగు ఒడ్డే దిక్కు. వాన పడితే కప్పు కురుస్తుంది, ఎండితే మట్టి రాలుతుంది.

కానీ ఇంజనీరుగా ఒకటి చెప్పాలి, ఆ చలికి అంతకంటే మంచి ఇల్లు లేదు. పైన మంచు తుఫాను వీస్తున్నా నేల లోపల చలి అంతగా దిగదు. నాగళ్ళు, గుర్రాలు దాదాపు లేకుండా పారలతో, చేతులతో తవ్వి మొదటి చలికాలం గడిపారంటే ఆ మట్టే వాళ్ళని కాపాడింది. ఆ ఏడాది అక్టోబరులోనే ఊళ్ళో తొలి బిడ్డ పుట్టాడు. అలాంటి ఇంట్లోనే.

---

గోధుమచేను రాశారు:

ఇన్నాళ్ళకి ఈ ఊరి గురించి మన భాషలో మాట్లాడుకుంటున్నందుకు సంతోషంగా ఉంది. నేను కాన్సస్‌లోనే ఉంటాను. జులై పండగకి రెండుసార్లు వెళ్ళాను. దాన్ని హోమ్‌కమింగ్ అంటారు, అంటే ఇంటికి రావడం.

పాతదారులు గారి ప్రశ్నకి ఆ పండగలోనే జవాబుంది. అది ఏప్రిల్ కాగితాన్నీ సెప్టెంబరు రాకనీ పట్టుకుని మొదలైంది కాదు. ఆగస్టు 1 విముక్తి దినం. బ్రిటిష్ ఏలుబడిలోని వెస్టిండీస్ దీవుల్లో బానిసత్వం రద్దు అమల్లోకి వచ్చింది 1834 ఆగస్టు 1న. అమెరికాలో నల్లవాళ్ళు తమకింకా స్వేచ్ఛ రాకముందు నుంచే ఆ రోజుని పండగ చేసుకునేవాళ్ళు. నికోడెమస్ వాళ్ళు దాన్ని తెచ్చి తమ ఊరి పండగ చేసుకున్నారు. ఇప్పుడు అందరికీ సెలవు దొరికేలా జులై చివరి శని, ఆదివారాలకు జరిగింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు కొంచెం బెరుగ్గానే ఉంది. పరాయివాళ్ళం, వాళ్ళ కుటుంబాల పండగలోకి ఎలా దూరడం అని. టౌన్‌షిప్ హాల్ దగ్గర నీడలో ఒక పెద్దావిడ కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కన మడత కుర్చీ లాగి 'కూర్చో, గాలి ఇటు వస్తుంది' అంది. వాళ్ళు ఊరు వదిలి కాలిఫోర్నియా వెళ్ళేనాటికి తనకి ఏడేళ్ళట. అయినా ఏటా వస్తుంది. నడిచొచ్చే ప్రతి మనిషినీ ముఖం చూసి 'నువ్వు ఫలానావాళ్ళ మనవడివి కదూ' అని పలకరిస్తోంది. చాలాసార్లు ఆవిడ మాటే నిజమైంది. ఒక కుర్రాడైతే తనకే తెలియని ముత్తాత పేరు ఆవిడ నోట విని ఫోన్‌లో రాసుకున్నాడు.

ఇప్పుడు ఊళ్ళో కాపురం ఉంటున్నవాళ్ళు పాతికమందికి లోపే. ఆ రెండు మూడు రోజులు మాత్రం డెన్వర్ నుంచి, కాన్సస్ సిటీ నుంచి, టొపీకా నుంచి, ఇంకా దూరాల నుంచి కార్లు వస్తూనే ఉంటాయి. ఒక్కో కుటుంబానిదీ ఒక్కో రంగు టీషర్టు, వెనకాల ఇంటిపేరు. ఊరేగింపు ఉంటుంది. ఆదివారం చర్చిలో ప్రార్థన. ఆ పాట బయట రోడ్డు మీదకి వినిపిస్తుంది.

---

చరిత్రపేజీ రాశారు:

గోధుమచేను గారూ, ఆగస్టు 1 సంగతి బాగా చెప్పారు.

పేరు మీద కూడా రెండు కథలున్నాయి. ఒకటి బైబిల్‌లో రాత్రివేళ యేసు దగ్గరికి వచ్చిన నీకొదేము. తిరిగి జన్మించడం గురించి ఆయనకి చెప్పిన ఘట్టం యోహాను సువార్త మూడో అధ్యాయంలో ఉంది. రెండోది, ఆఫ్రికాలో పుట్టి, బానిసగా ఓడలో వచ్చి, తర్వాత తన స్వేచ్ఛని తనే డబ్బిచ్చి కొనుక్కున్నాడని చెప్పుకునే నికోడెమస్ కథ. ఊరి తొలినాటి ప్రచారంలో కనిపించేది ఈ రెండో మనిషే. నాకూ ఆ పేరు అక్కడి నుంచే వచ్చిందనిపిస్తుంది.

---

రైలుబండి రాశారు:

పాతికమందికి లోపు అన్నారు. అలా ఎందుకైందో రైలు లైన్ల చరిత్ర చదివేవాడిగా నేను చెప్పాలి.

1880ల మధ్యకి వచ్చేసరికి నికోడెమస్ మంచి ఊరు. దుకాణాలు, హోటళ్ళు, చర్చిలు, బడి, బ్యాంకు వచ్చాయి. 1886లో వెస్టర్న్ సైక్లోన్, మరుసటి ఏడాది నికోడెమస్ ఎంటర్‌ప్రైజ్ అని రెండు పత్రికలు కూడా వెలిశాయి. ఇక రావలసింది రైలు. 1887లో మిసోరి పసిఫిక్ రైల్వేని రప్పించడానికి 16,000 డాలర్ల బాండ్లకి జనం ఓటేశారు. గుంతల్లో బతికి పదేళ్ళు కూడా కాని ఊరికి అది ఎంత పెద్ద మొత్తమో చూడండి. ఆ లైను రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ వాళ్ళు లైను వేశారు కానీ సోలమన్ నదికి అవతలి ఒడ్డున, ఊరికి కొన్ని మైళ్ళ దూరంలో. అక్కడ బోగ్ అనే ఊరు లేచింది. నికోడెమస్ వ్యాపారులు ఒక్కొక్కరే అక్కడికి వెళ్ళిపోయారు. కొందరైతే కట్టడాలనే ఊడదీసి తరలించుకుపోయారు.

ఆ మ్యాప్ చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. ఆ కొద్దిమైళ్ళు అటూ ఇటూ అయ్యుంటే కథ వేరేలా ఉండేది. రైలు అందుకున్న పక్క ఊళ్ళు కూడా తర్వాత చిక్కిపోయాయని తెలుసు. కానీ ఇంత తొందరగా, పదకొండో ఏట దెబ్బతిన్న ఊరు మళ్ళీ కోలుకోవడం కష్టం. 1930ల కరువు, దుమ్ము తుఫాన్లు మిగిలినవాళ్ళనీ తరిమాయి. 1950కి ఊళ్ళో మిగిలింది 16 మంది. 1953లో పోస్టాఫీసు కూడా మూసేశారు.

---

నీలిమబ్బు రాశారు:

పోస్టాఫీసు మూశారంటే ఊరి పేరుతో ఉత్తరం రావడం ఆగిపోయినట్టే. అయినా పండగ ఆగలేదు, గమనించారా?

చరిత్రపేజీ గారితో నాకొక పేచీ ఉంది. మీరు హిల్ పేరు ముందు చెప్పారు. చాలా వ్యాసాల్లోనూ అలాగే, వ్యవస్థాపకుడు అంటే ఆయనే అన్నట్టు రాస్తారు. ఆయనకది వ్యాపారం. సారవంతమైన నేల, అంతా సిద్ధంగా ఉందన్నట్టు ప్రచారం జరిగింది. వచ్చి చూస్తే చెట్టు లేదు, ఇల్లు లేదు. కొన్ని పదుల కుటుంబాలు మర్నాడే వెనక్కి వెళ్ళిపోయాయి. 150 ఏళ్ళ పండగలో ఆయన పేరు ఎందుకు ముందుండాలి?

---

చరిత్రపేజీ రాశారు:

మీ కోపం న్యాయమైందే. నా వాక్యంలో వరస తప్పు, ఒప్పుకుంటున్నాను. కంపెనీకి అధ్యక్షుడు స్మిత్. కరపత్రాల మీద సంతకాలు పెట్టి, దక్షిణాది చర్చిలకి కబుర్లు పంపి, జనాన్ని నమ్మించి తెచ్చింది నల్లజాతి పాస్టర్లే. నమ్మకం వాళ్ళ మాట మీదే కుదిరింది. ఎవరు స్థాపించారంటే ఆ మర్నాడు వెనక్కి తిరగకుండా పార పట్టుకున్నవాళ్ళు స్థాపించారు.

కానీ హిల్‌ని పూర్తిగా తీసేసి కథ చెప్పలేం. మోసం ఎంత, అత్యాశ ఎంత అన్నది పక్కనపెడితే, ఆ స్థలాన్ని ఎంచి కొలతలు వేసింది ఆయనే. చరిత్రలో ఆయన ఉండాలి. పండగలో ఎవరి పేరు ఎక్కడుండాలో ఆ ఊరివాళ్ళ ఇష్టం.

ఎడ్వర్డ్ మెకేబ్ పేరు మాత్రం తప్పకుండా గుర్తు చేసుకోవాలి. 1878లో నికోడెమస్ వచ్చాడు. 1882లో కాన్సస్ రాష్ట్ర ఆడిటర్‌గా గెలిచాడు. రాష్ట్రస్థాయి పదవికి అక్కడ ఎన్నికైన మొదటి నల్లజాతీయుడు. గుంత ఇళ్ళ ఊరి నుంచి నాలుగేళ్ళలో రాష్ట్రం లెక్కలు చూసే కుర్చీ దాకా!

---

వాగొడ్డు రాశారు:

ఇంతవరకు ఎవరూ ఎత్తని విషయం ఒకటి. ఆ మొదటి చలికాలం తిండి లేక అల్లాడుతుంటే, వేట ముగించుకుని తిరిగి వెళ్తున్న ఓసేజ్ అనే ఆదివాసీ తెగ వాళ్ళు తమ దగ్గరున్న ఆహారంలో కొంత పంచారని ఊరి పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ మైదానమంతా ఒకప్పుడు వాళ్ళలాంటి తెగలు తిరిగిన నేల. సొంత నేల నుంచి కదిలించబడ్డవాళ్ళు, ఎప్పుడూ సొంత నేల లేనివాళ్ళకి తిండి పెట్టారు. 150 ఏళ్ళ పండగలో ఈ మాట గట్టిగా వినిపించాలని నా ఆశ.

---

గోధుమచేను రాశారు:

వాగొడ్డు గారూ, నేను వెళ్ళిన రెండుసార్లూ ఆ కథ విన్నాను. ఒకసారి ప్రార్థనలో, ఒకసారి భోజనాల దగ్గర. మర్చిపోలేదు వాళ్ళు.

---

కొత్తరెక్కలు రాశారు:

నేను ఇక్కడ కొత్త. చర్చంతా ఒక్క గుక్కలో చదివాను. మేం డెన్వర్‌లో ఉంటాం, పాప తొమ్మిదేళ్ళది. బడిలో బానిసత్వం గురించి చెప్పాక ఇంటికొచ్చి చాలా ప్రశ్నలు వేసింది. దాన్ని తీసుకెళ్ళొచ్చా? బయటివాళ్ళని రానిస్తారా? అక్కడ చూడ్డానికి ఏముంటాయి?

---

గోధుమచేను రాశారు:

తప్పకుండా తీసుకెళ్ళండి. పండగకి బయటివాళ్ళు వస్తే ఆదరంగానే చూస్తారు. ఒకటే జాగ్రత్త, అక్కడి ఇళ్ళు మనుషులు కాపురం ఉంటున్న ఇళ్ళు. అడగకుండా వాకిట్లోకి వెళ్ళి ఫొటోలు తీయొద్దు. ఊళ్ళో దుకాణాలు, హోటళ్ళ మీద ఆశ పెట్టుకోకండి. బస హిల్ సిటీలోనో స్టాక్టన్‌లోనో చూసుకోవాలి, పండగ రోజులకైతే ముందుగానే. జులై ఎండ మామూలుగా ఉండదు. టోపీ, నీళ్ళు మర్చిపోవద్దు.

పాపకి ముందే ఒక్క సంగతి చెప్పండి. అక్కడ కనిపించేది తక్కువ, వినాల్సింది ఎక్కువ. పెద్దవాళ్ళ పక్కన కూర్చోనివ్వండి, మిగతాది వాళ్ళే చూసుకుంటారు.

---

సున్నపురాయి రాశారు:

చూడ్డానికి అయిదు పాత కట్టడాలున్నాయి. రెండు చర్చిలు, పాత సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్, 1918 నాటి బడి, టౌన్‌షిప్ హాల్. హాల్‌ని 1939లో, ఆర్థికమాంద్యం రోజుల్లో ప్రభుత్వం పని కల్పించే పథకం కింద సున్నపురాయితో కట్టారు. దాన్ని చెయ్యి పెట్టి చూడండి. రాయి మీద ఉలి దెబ్బలు ఒక్కొక్కటి వేలికి తగులుతాయి. ఊరు ఖాళీ అవుతున్న కాలంలో, అంత మందపాటి గోడలతో అందరూ కూర్చునే హాలు కట్టుకున్నారు. నన్ను అన్నిటికంటే కదిలించింది అదే.

1976లో ఊరిని జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించారు, 1996లో నేషనల్ పార్క్ సర్వీస్ పరిధిలోకి తెచ్చారు. బానిసత్వం ముగిశాక ఆ రీకన్‌స్ట్రక్షన్ కాలంలో పశ్చిమాన నల్లజాతివాళ్ళు కట్టుకున్న ఊళ్ళలో ఇప్పటికీ నిలిచి ఉన్నది ఇదొక్కటే.

---

రైలుబండి రాశారు:

కొత్తరెక్కలు గారూ, మీ పాపకి ఆటలిష్టమైతే ఇది చెప్పండి. 1954లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకున్నప్పుడు, గ్రీన్ బే ప్యాకర్స్ జట్టు మొదటి రౌండ్‌లో, మొత్తం మీద నాలుగో ఆటగాడిగా ఎంచుకున్న వెరిల్ స్విట్జర్ ఈ ఊరివాడే. ఊరి జనాభా పదహారుకి పడిపోయిన రోజుల్లో అక్కడి నుంచి వెళ్ళిన కుర్రాడు.

---

పాతదారులు రాశారు:

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఏ తేదీ అని అడిగాను, ఇప్పుడు మూడూ కావాలనిపిస్తోంది. కాగితం రాసుకున్న ఏప్రిల్, కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చిన సెప్టెంబరు, మనవలు తిరిగొచ్చే జులై.

2027 జులై చివరి వారానికి ఆఫీసులో ఇప్పుడే చెప్పి ఉంచాను. ఈసారి 24వ నంబరు రోడ్డు మీద నుంచి కాకుండా ముందు ఎల్లిస్‌లో దిగుతాను. ఊరు చేరకముందే పోయిన ఆ పిల్లల కోసం అక్కడ కాసేపు నిలబడి, తర్వాత ఉత్తరంగా వెళ్తాను. కారులో ముప్పై అయిదు మైళ్ళంటే గంట కూడా పట్టదు. చివరి రెండు మైళ్ళు మాత్రం కారు ఆపి నడవాలనుకుంటున్నాను.

కొత్తరెక్కలు గారూ, మీరు డెన్వర్ నుంచి వస్తారు కదా, హిల్ సిటీ వైపు నుంచి చేరతారు. టౌన్‌షిప్ హాల్ దగ్గర కలుద్దాం. గోధుమచేను గారూ, మడత కుర్చీలు రెండు ఎక్కువ తెస్తారా?

---

గోధుమచేను రాశారు:

నాలుగు తెస్తాను.